చైనా స్వతంత్ర మేధావులూ, మన మౌనమూ

చైనాలోని స్వతంత్ర మేధావులను గూర్చి మన అభ్యుదయ శిబిరంలో రెండే రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. వాళ్లందరూ పాశ్చాత్యుల పెంపుడు చిలకలని ఒకటి. వాళ్లను గూర్చి మాట్లాడటానికి ఇది సమయం కాదని రెండవది. మొదటి అభిప్రాయం గలవారు చదవకుండానే తీర్పు చెపుతారు. రెండవవారు చదివి కూడా నోరు మెదపరు. నాకు ఎక్కువ పేచీ ఈ రెండవవారితోనే. చదవనివారికి చదివి వినిపించవచ్చు. చదివి ఊరుకున్నవారిని ఏం చెయ్యగలం?

ఈ "సమయం కాదు" అనే మాటకు చాలా వయసుంది. 1942లో వాంగ్ షివెయ్ అనే కమ్యూనిస్టు రచయిత, విప్లవ స్థావరమైన యెనాన్‌లో కూడా తిండిలోనూ బట్టలోనూ హోదాల తేడాలు పాటిస్తున్నారని వ్రాశాడు. జపానుతో యుద్ధం నడుస్తున్నది కనుక అది సమయం కాదన్నారు. 1947లో అతన్ని చంపేశారు. అతడు గూఢచారి కాడని 1991లో తేల్చారు. లూసున్‌కు సన్నిహితుడైన హు ఫెంగ్, సాహిత్యం మీద పెత్తనాన్ని విమర్శిస్తూ 1954లో పార్టీ నాయకత్వానికి సుదీర్ఘమైన నివేదిక సమర్పించాడు. ఆ మరుసటి సంవత్సరమే అరెస్టయ్యాడు. 1979 దాకా అతని జీవితం దాదాపు నిర్బంధంలోనే గడిచింది. 1957లో అయిదు లక్షలమందికి పైగా "మితవాదులు" అని ముద్ర వేయించుకున్నారు. ఆ ముద్ర పడినవారిలో నిజమైన మితవాదులు ఎందరో ఇప్పుడు లెక్క తేల్చనక్కర లేదు. 1978 తరువాత ఆ పార్టీయే వారిలో అత్యధికుల మీది ముద్ర చెరిపివేసింది. మన సంగతేమిటి? వాళ్లు చెరిపిన ముద్రలను కూడా మనం పదిలంగా దాచుకున్నాము.

ఇంతకూ ఎవరీ స్వతంత్ర మేధావులు? చైనా భాషలో "మిన్‌జియాన్" అని ఒక మాట ఉంది. "మిన్" అంటే జనం, "జియాన్" అంటే నడుమ. జానపద సాహిత్యాన్ని కూడా వాళ్లు మిన్‌జియాన్ సాహిత్యమనే అంటారు; అంటే మన "జానపద" శబ్దానికి ఇది దగ్గరి చుట్టం. దీనికి ఎదురుగా నిలిచే మాట "గ్వాన్", అనగా సర్కారు. సర్కారు జీతం మీదా, సర్కారు వేదిక మీదా, సర్కారు అనుమతి మీదా ఆధారపడకుండా జనం నడుమ ఉండి పని చేసేవాడు మిన్‌జియాన్ మేధావి. అతడు ప్రభుత్వ వ్యతిరేకే కానక్కర లేదు. వారిలో పార్టీ సభ్యులున్నారు, పింఛను పుచ్చుకున్న విలేఖరులున్నారు, వకీళ్లున్నారు, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీలున్నారు.

ఈ రకం మనిషి చైనా చరిత్రలో కొత్తవాడు. పాతకాలపు పండితుడు పరీక్ష పాసై అధికారి అయ్యేవాడు. రాజుకు హితం చెప్పటం అతని ధర్మం. ఆ పరీక్షలు 1905లో రద్దయినాయి గాని, రాజుకు హితం చెప్పే అలవాటు రద్దు కాలేదు. 1980ల నాటి సంస్కరణవాద మేధావులు సైతం దేశమంతటి తరఫునా దేశమంతటి భవిష్యత్తును గూర్చి పాలకులను ఉద్దేశించే మాట్లాడారు. 1989 జూన్‌లో ఆ గొంతు తుపాకులతో నొక్కబడింది. 1992 తరువాత మార్కెట్టు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. మేధావులలో కొందరు వ్యాపారాల్లో దిగారు, కొందరు విశ్వవిద్యాలయాలలో మెత్తని కుర్చీలు వెతుక్కున్నారు.

సరిగ్గా ఆ 1992లోనే వాంగ్ షియావ్‌బో అనే నలభయ్యేళ్ల మనిషి, బీజింగులోని ప్రజా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూచుని వ్రాసుకోసాగాడు. ఆయన కమ్యూనిస్టు కాడు. బెర్ట్రాండ్ రస్సెల్‌ను ఇష్టపడే ఉదారవాది. ఆ ఒక్క కారణం చేత మనవాళ్లు ఆయన పుస్తకం మూసేస్తారు. తెరిచి చదివితే తెలుస్తుంది: "స్వర్ణయుగం" అనే ఆయన నవలికలో, సాంస్కృతిక విప్లవకాలంలో యునాన్‌కు పంపబడిన ఒక యువకుడి చేతా, ఒక వైద్యురాలి చేతా అధికారులు వాళ్ల ప్రణయాన్ని గూర్చి నేరాంగీకార పత్రాలు వ్రాయిస్తారు. వ్రాసింది చాలదంటారు. ఇంకా వివరంగా వ్రాయమంటారు. నీతి కోసం మొదలైన విచారణ అధికారుల చాటుమాటు వినోదంగా మారుతుంది. అధికారం నీతి మాట్లాడుతున్నప్పుడు దాని కళ్లు ఎక్కడ ఉంటాయో ఇంత నవ్విస్తూ చూపిన రచన నేను ఎక్కువగా చదవలేదు. శృంగారం పాలు ఎక్కువైందని ఫిర్యాదు చేసే మిత్రులకు ఒక మనవి: ఆ ఫిర్యాదు నవలికలోని అధికారులు కూడా చేశారు.

ఐతే ఇక్కడ నాకు ముఖ్యమైనది 1996లో ఆయన వ్రాసిన "మౌనంగా ఉన్న అధిక సంఖ్యాకులు" అనే వ్యాసం. ఆయనా, ఆయన భార్య, సామాజిక శాస్త్రజ్ఞురాలైన లీ యిన్‌హె కలిసి చైనాలోని స్వలింగ ప్రేమికులైన పురుషులను గూర్చి పరిశోధించి 1992లో ఒక పుస్తకం ప్రకటించారు. ఆ పనిలో ఆయనకు ఒక సంగతి తట్టింది. ఈ మనుషులు చెప్పుకోవటానికి ఏమీ లేక మౌనంగా లేరు. వాళ్ల మాటకు చోటు లేక మౌనంగా ఉన్నారు. తరువాత చుట్టూ చూస్తే సమాజంలో బలహీనులని మనం అనేవాళ్లందరి పరిస్థితీ ఇదేననీ, తాను కూడా వాళ్లలో ఒకడేననీ ఆయన గ్రహించాడు. ఇది వ్యక్తివాదమట! ఒక గుంపు మనుషుల దగ్గర కూచుని, వాళ్లు చెప్పింది విని, అక్కడి నుంచి సమాజాన్ని గూర్చిన నిర్ణయానికి రావటం వ్యక్తివాదమైతే, వినకుండానే "ప్రజల గుండెచప్పుడు" అని శీర్షిక పెట్టి వ్రాయటం ఏ వాదమవుతుంది? ఆయన 1997 ఏప్రిల్‌లో గుండెపోటుతో మరణించాడు. 45 నిండలేదు. పేరు వచ్చింది ఎక్కువగా ఆ తరువాతనే.

వాంగ్ షియావ్‌బో దగ్గర ఆగిపోతే చైనా స్వతంత్ర మేధావులంటే వ్యంగ్య రచయితలు అనుకునే ప్రమాదముంది. కాబట్టి "నిప్పురవ్వ" సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కమ్యూనిస్టు సాహిత్యం చదివినవారికి ఆ పేరు కొత్త కాదు. లెనిన్ "ఇస్క్రా"కు అర్థం అదే. 1930లో మావో వ్రాసిన లేఖతో ప్రసిద్ధమైన చైనా సామెతలోనిదీ అదే నిప్పురవ్వ. 1957లో మితవాదులని ముద్ర పడిన లాన్‌జో విశ్వవిద్యాలయ విద్యార్థులను కొందరిని గాన్సు రాష్ట్రంలో తియాన్‌ష్వీ ప్రాంతపు పల్లెలకు పంపారు. "మహా ముందడుగు" కాలం అది. పత్రికల్లో పంటలు విరగబడుతున్నాయి. పల్లెల్లో మనుషులు చచ్చిపోతున్నారు. ఆ విద్యార్థులు చూశారు. చూసి, 1960లో స్టెన్సిలు కోసి సైక్లోస్టైల్ చేసి ఒక చిన్న పత్రిక తీశారు. అందులో పెట్టుబడిదారీ విధానానికి స్తోత్రాలు లేవు. రైతుల తిండి తీసుకుపోయే హక్కు ఎవరికుందన్న ప్రశ్న ఉంది. సోషలిజం పేరిట ఒక కొత్త పాలక వర్గం ఎట్లా తయారవుతున్నదన్న విశ్లేషణ ఉంది. ఆ ఏడాదిలోనే పట్టుబడ్డారు. విద్యార్థులతో పాటు వాళ్లకు సాయం చేసిన రైతులు కూడా కలిసి 40మందికి పైగా అరెస్టయ్యారు. నాయకుడైన జాంగ్ చున్‌యువాన్‌నూ, వాళ్లకు అండగా నిలిచిన స్థానిక పార్టీ అధికారి దు యింగ్‌హ్వానూ 1970లో కాల్చి చంపారు. ఆ పత్రికకు కవిత ఇచ్చిన పెకింగ్ విశ్వవిద్యాలయ విద్యార్థిని లిన్ జావ్ జైల్లో కాగితం మీదా గుడ్డ మీదా తన రక్తంతో వ్రాసింది. ఆమెను 1968 ఏప్రిల్ 29న కాల్చారు. తరువాత ఆమె తల్లి దగ్గరికి వచ్చి, కాల్చిన గుండుకు అయిదు ఫెన్‌లు వసూలు చేసుకున్నారు.

నలభై ఏళ్ల దాకా ఈ కథ ఆ కుటుంబాల నోళ్లలో తప్ప బయట లేదు. దాన్ని వెలికి తీసినవాడు హు జియె. ఆయన చరిత్ర ఆచార్యుడు కాడు. సైన్యంలో పనిచేసి, తరువాత సర్కారు వార్తాసంస్థ షిన్‌హువాలో ఉద్యోగం చేశాడు. 1999లో లిన్ జావ్‌ను గూర్చి విచారించటం మొదలుపెట్టగానే ఆ ఉద్యోగం పోయింది. ఒక కెమెరా పట్టుకుని, బ్రతికి ఉన్నవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ పోయి 2004లో లిన్ జావ్ మీదా, 2013లో "నిప్పురవ్వ" మీదా డాక్యుమెంటరీ చిత్రాలు తీశాడు. ఒక్కటీ చైనాలో బహిరంగంగా ప్రదర్శింపబడలేదు. చేతి నుంచి చేతికి మారి వేలమంది చూశారు. సైక్లోస్టైల్ పత్రిక మీద తీసిన సినిమా, మళ్లీ సైక్లోస్టైల్ పత్రిక మాదిరే తిరిగింది. ఈయన ఏ పాశ్చాత్యుల పెంపుడు చిలకో నాకు ఎవరైనా చెపితే సంతోషిస్తాను.

ఇక యాంగ్ జిషెంగ్. ఈయన 1940లో హుబెయ్‌లో పుట్టాడు. 1959లో తండ్రి ఆకలితో చచ్చిపోయినప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుతున్నాడు. అది తన ఇంటి దురదృష్టమే అనుకున్నాడు గాని, ప్రభుత్వాన్ని అనుమానించలేదు. తరువాత పార్టీలో చేరాడు, షిన్‌హువా విలేఖరి అయ్యాడు. 1990లలో ఆ విలేఖరి హోదాతోనే రాష్ట్రాల దఫ్తరఖానాలలోకి పోయి సర్కారు వారి సొంత రికార్డులను వెతికాడు. 2008లో హాంకాంగులో "సమాధి శిల" అనే బృహద్గ్రంథం ప్రకటించాడు. 1958-62 మధ్య కరువులో 3 కోట్ల 60 లక్షలమంది చచ్చిపోయారని ఆయన లెక్క.

ఈ అంకె చెప్పగానే మనవాళ్లు లేచి నిలబడతారు. మన దేశంలోనే కొందరు మార్క్సిస్టు ఆర్థికవేత్తలు ఇట్లాంటి లెక్కలను ప్రశ్నించిన మాట నిజం. ప్రశ్నించవలసిందే. అంకె తగ్గవచ్చు, పెరగవచ్చు. కాని అంకె వివాదాస్పదమని చెప్పి, పీనుగుల మీదుగా దాటిపోవటం వాదం కాదు. వివాదం తీరాలంటే దఫ్తరఖానాలు తెరవాలని అడగాలి. అడిగినవారెవరు? యాంగ్ జిషెంగ్ లాంటివాళ్లే. అమర్త్యసేన్ సంగతి కూడా ఇక్కడ గుర్తు చెయ్యాలి. స్వతంత్రమైన పత్రికలూ ప్రతిపక్షమూ ఉంటే అంతటి కరువు దాచిపెట్టటం సాధ్యమయ్యేది కాదని ఆయన అన్నాడు. ఆయనే జాన్ డ్రెజ్‌తో కలిసి 1989లో వ్రాసిన గ్రంథంలో, ఏ కరువూ లేని మామూలు రోజుల్లో సైతం మన దేశంలో దారిద్ర్యం చైనాతో పోలిస్తే ఎన్ని ప్రాణాలు అదనంగా తీస్తున్నదో కూడా లెక్కగట్టి చూపాడు. మనం రెండవ మాట ఉటంకించి మొదటిది మింగేస్తాము. పెట్టుబడిదారీ పత్రికలు మొదటిది ఉటంకించి రెండవది మింగేస్తాయి. ఈ మింగుడులో ఇరుపక్షాలకూ ఎంత ఐకమత్యం!

చచ్చినవాళ్లను గూర్చే కాదు, బ్రతికున్నవాళ్లను గూర్చి కూడా ఈ మేధావులు పనిచేశారు. చెన్ గ్విది, వూ చున్‌తావ్ అనే దంపతులు అన్‌హ్వెయ్ పల్లెల్లో తిరిగి, రైతుల మీద పడుతున్న పన్నులనూ, స్థానిక అధికారుల దౌర్జన్యాలనూ పేర్లతో సహా వ్రాసి పుస్తకం వేస్తే 2004లో కొద్ది నెలలకే దాన్ని నిషేధించారు. దొంగ ప్రతులు లక్షల్లో అమ్ముడుపోయినాయి. వ్యవసాయ పన్నును 2006లో రద్దు చేశారు. కేవలం ఈ పుస్తకం వల్లనే రద్దయిందని నేననను, అప్పటికి పల్లెలు అట్టుడుకుతున్నాయి. 2003లో సున్ జిగాంగ్ అనే 27 ఏళ్ల యువకుణ్ణి నివాస పత్రం చూపలేదని గ్వాంగ్‌జోలో పట్టుకుపోయారు. నిర్బంధంలో కొట్టిన దెబ్బలకు మూడు రోజుల్లో చచ్చిపోయాడు. ఒక దినపత్రిక ఈ సంగతి బయటపెట్టింది. ముగ్గురు యువ న్యాయశాస్త్ర పండితులు ఆ నిర్బంధ విధానమే రాజ్యాంగ విరుద్ధమని అర్జీ పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ విధానం రద్దయింది. పల్లెల నుంచి బ్రతుకుతెరువు కోసం పట్నం వచ్చే కోట్లాది కూలీల నెత్తిన వేలాడే కత్తి అది. ఆ ముగ్గురిలో ఒకడైన షు జియోంగ్‌కు 2014లో నాలుగేళ్లూ, 2023లో పధ్నాలుగేళ్లూ జైలుశిక్ష పడింది.

ఇంతవరకు చెప్పినవాళ్లు చదువుకున్నవాళ్లు. బీజింగు పొలిమేరలో పీత్సున్ అనే పల్లె ఉంది. వలస కూలీలు కాపురముండే చోటు. 2002లో మొదలైన కార్మికుల పాటల బృందం ఒకటి అక్కడ స్థిరపడి, 2008లో వలస కార్మికుల ప్రదర్శనశాల పెట్టింది. 2014లో ఒక సాహిత్య బృందం ఏర్పడింది. ఫాన్ యూసు అనే హుబెయ్ స్త్రీ, ఇతరుల పిల్లలను సాకుతూ సొంత పిల్లలను గదిలో వదిలిపోయే ఆయా, ఆ బృందంలో వ్రాయటం నేర్చి 2017లో తన జీవితాన్ని గూర్చి ఒక రచన చేస్తే దేశమంతా చదివింది. ఫాక్స్‌కాన్ కర్మాగారంలో పనిచేస్తూ కవిత్వం వ్రాసిన షు లిజి 2014 సెప్టెంబరు 30న షెన్‌జెన్‌లో మేడ మీది నుంచి దూకి చచ్చిపోయాడు. 24 ఏళ్లు. శ్రామికుడే రచయిత కావాలని మనం తీర్మానాలు చెయ్యబట్టి ఎన్ని దశాబ్దాలయింది? అక్కడ శ్రామికులు తీర్మానం లేకుండా వ్రాస్తుంటే మన విమర్శ వ్యాసాలలో వాళ్ల పేర్లు ఎన్నిసార్లు కనిపించాయి? ఆ ప్రదర్శనశాల 2023లో మూతబడింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2018 జులైలో షెన్‌జెన్‌లో వెల్డింగు యంత్రాలు చేసే జాసిక్ అనే కంపెనీలో కార్మికులు యూనియను పెట్టుకోబోయారు. అది చట్టం ఒప్పుకున్న హక్కే. పూనుకున్నవాళ్లను పనిలోంచి తీసేశారు, పోలీసులు పట్టుకుపోయారు. పెకింగ్ విశ్వవిద్యాలయం మొదలుగా పలు విశ్వవిద్యాలయాల విద్యార్థులు వాళ్లకు బాసటగా వచ్చారు. ఈ విద్యార్థులు ఉదారవాదులు కారు. మార్క్సిస్టు అధ్యయన బృందాలవాళ్లు. మావో రచనలు కంఠతా పట్టినవాళ్లు. ఆగస్టు 24 తెల్లవారుజామున హ్వెయ్‌జోలో వాళ్లున్న ఇంటి మీద పోలీసులు దాడి చేసి సుమారు 50మందిని పట్టుకుపోయారు. ఆ ఏడాదే పట్టభద్రురాలైన యుయె షిన్ వారిలో ఉంది. డిసెంబరు 26న, మావో 125వ జయంతి నాడు, జయంతి సభకు పోతున్న పెకింగ్ విశ్వవిద్యాలయ మార్క్సిస్టు సంఘ అధ్యక్షుణ్ణి దారిలోనే పోలీసులు ఎత్తుకుపోయారు.

ఆగస్టు 24 తరువాత నాలుగు రోజులకు, 2018 ఆగస్టు 28న, పుణె పోలీసులు హైదరాబాదులో వరవరరావు ఇంటికి వచ్చి ఆయనను అరెస్టు చేశారు. ఆ అరెస్టును మనం ఖండించాము. సంతకాలు సేకరించాము, సభలు పెట్టాము, ప్రత్యేక సంచికలు వేశాము. అది మన ధర్మం. చేసినదాంట్లో ఒక్క అక్షరం కూడా ఎక్కువ కాదు. నా ప్రశ్నల్లా ఆ నాలుగు రోజులను గూర్చే. హ్వెయ్‌జోలో పట్టుబడ్డ పిల్లల కోసం మన సంతకాల్లో ఒక్కటైనా ఎందుకు పడలేదు? ఇక్కడ రచయితను పట్టుకుపోయిన ప్రభుత్వం "దేశద్రోహం" అంటుంది, అక్కడ విద్యార్థిని పట్టుకుపోయిన ప్రభుత్వం "సామాజిక శాంతికి భంగం" అంటుంది. మాట మారితే సంకెల బరువు తగ్గుతుందా?

దీనికి మిత్రులు చెప్పే సమాధానాలు నాకు తెలుసు. చైనా కోట్లమందిని దారిద్ర్యం నుంచి పైకి తెచ్చింది అంటారు. తెచ్చింది, కాదనను. ఆ పైకి తెచ్చిన చేతులు ఫాక్స్‌కాన్‌లో, జాసిక్‌లో పనిచేసిన చేతులే కాబట్టి, ఆ చేతులు యూనియను కార్డు పట్టుకోగూడదనే నియమం అందులోంచి ఎట్లా పుడుతుందో వారే చెప్పాలి. ఈ స్వతంత్ర మేధావులకు కార్యక్రమం లేదు, సంస్థ లేదు, అందరూ ఒక మాట మీద లేరు అంటారు. ఇది నిజమే, ఇది వాళ్ల బలహీనతే. చైనా ఉదారవాదులలో కొందరు 2016 తరువాత ట్రంప్‌ను కీర్తించటం దాకా పోయారు. వాళ్లను సమర్థించే పని నాది కాదు. ఐతే సంస్థ లేదని నింద వేసేవారు, పెట్టిన ప్రతి సంస్థా ఏమైందో కూడా చూడాలి. వకీళ్ల సంస్థను 2009లో మూయించారు. బీజింగు స్వతంత్ర చలనచిత్రోత్సవాన్ని 2014లో ఆపించారు. పార్టీ వృద్ధులే 1991లో స్థాపించి, యాంగ్ జిషెంగ్ పనిచేసిన చరిత్ర మాసపత్రికను 2016లో సంపాదకుల చేతిలోంచి లాగేసుకున్నారు. కాళ్లు విరగ్గొట్టి నడక బాగాలేదనటం మన విమర్శకులకు తగదు.

చివరిదీ, అన్నిటికంటె ఎక్కువగా వినిపించేదీ ఒకటుంది: మనం ఇవి వ్రాస్తే మతోన్మాదులూ సామ్రాజ్యవాదులూ వాడుకుంటారు. నిరుడు మా కాలేజీలో రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు, చురుకైనవాడు, మన సభలకు వచ్చేవాడు, ఫోనులో ఎవరో పంపిన కాగితం ఒకటి నాకు చూపించాడు. లిన్ జావ్ రక్తాక్షరాల కథ అది. పంపినవాడు కమ్యూనిస్టులందరినీ దేశం నుంచి తరిమెయ్యాలనే రకం. కథకు అడుగున తన బూతులు కూడా చేర్చాడు.

"ఇది అబద్ధమే కద సార్?" అన్నాడు కుర్రవాడు.

కథ నిజమే, కింది బూతులు మాత్రం అతనివి అన్నాను.

"మరి మన పత్రికల్లో ఎక్కడా చదవలేదే?" అన్నాడు.